వెయిట్ వెస్టు, రబ్బరు ప్యాంటు: ఇంటి మిషను మీద కుట్టుకునే పద్ధతి

వ్యాయామానికి తొడుక్కునే భారం బట్టలు రెండు రకాలు. జేబుల్లో ఇసుకో ఇనుమో నింపుకునే వెస్టు ఒకటి. కాళ్లకు, నడుముకు మధ్య సాగే రబ్బరు కట్టి ఉండే ప్యాంటు రెండోది. రెండూ ఒళ్లు కష్టపడేలా చేసేవే అయినా పని తీరు వేరు. బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది. అందుకే మెట్లెక్కడం, బస్కీలు, దండీలు, నడక లాంటి వాటికి వెస్టు పనికొస్తుంది. రబ్బరు తాను సాగిన దారిలోనే వెనక్కి లాగుతుంది, సాగే కొద్దీ బిగుస్తుంది. తొడ పైకెత్తడం లాంటి కదలికను వెస్టు పెద్దగా పట్టించుకోదు, అక్కడ రబ్బరు కావాలి.

రెండింటిలోనూ తేడా తెచ్చేది బరువు ఎంత అన్నది కాదు, అది ఒంటి మీద ఎక్కడ కూర్చుంది, ఎంత కదలకుండా కూర్చుంది అన్నది. ఒంటికి అతుక్కున్న మూడు కిలోలతో అరగంట హాయిగా నడవొచ్చు. అదే మూడు కిలోలు అడుగడుక్కీ ఎగిరి పడుతుంటే పది నిమిషాలకే భుజాలు ఒరుసుకుపోతాయి, మెడ పట్టేస్తుంది. కాబట్టి శ్రద్ధంతా కొలతల మీద, కుట్టు మీద పెట్టండి. కుట్టు వచ్చిన వాళ్లకు వెస్టు ఒక రోజు పని, ప్యాంటు ఒక పూట పని.

ఒక మాట ముందే చెప్పాలి. నడుం నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ల అరుగుదల, హెర్నియా, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వీటి జోలికి వెళ్లొద్దు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది. ఎదిగే పిల్లలకు ఇంట్లో కుట్టి తొడగొద్దు.

సామాను

వెస్టుకు కావాల్సింది మందపాటి కాటన్ డ్రిల్లు గుడ్డ, 44 అంగుళాల పన్నాది, మీటరుంపావు. లోపలి వైపుకు నెట్ క్లాత్ అర మీటరు. ఇసుక సంచులకు దగ్గర నేత ఉన్న ఏదైనా కాటన్ గుడ్డ అర మీటరు. విజయవాడలో అయితే వన్‌టౌన్ వస్త్రలతలో, గుంటూరులో అయితే పట్నంబజారు వైపు ఇవన్నీ ఒకే చుట్టులో దొరుకుతాయి. ఇవి కాక అంగుళం వెడల్పు నైలాన్ పట్టీ నాలుగు మీటర్లు, దానికి సరిపోయే, ఒక్క నొక్కుకు ఊడే ప్లాస్టిక్ బకిళ్లు 4, అంగుళం వెడల్పు ఎలాస్టిక్ అర మీటరు, అంగుళం వెల్‌క్రో రెండు మీటర్లు, అర అంగుళం మందం ఫోమ్ చిన్న ముక్క తెచ్చుకోవాలి. స్కూలు బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర ఇవన్నీ ఉంటాయి, కావాల్సినంతే కొలిచి ఇస్తారు.

డ్రిల్లును కోసే ముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. కాటన్ కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుపోతే జేబుల్లో సంచులు దూరవు. పాత జీన్స్ ప్యాంట్లు ఉంటే అవి ఇంకా మంచివి, వాటి కుంచింపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

గోనె గుడ్డ వాడొద్దు, అందులోనూ మిర్చి టిక్కీల గోనె అసలే వద్దు. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఘాటు నేతలో ఉండిపోతుంది. చెమట పట్టిన ఒంటికి తగిలితే మంటెత్తిపోతుంది.

మిషనుకు 18 నంబరు సూది పెట్టండి. మామూలు జాకెట్ల సూదితో నాలుగు మడతల డ్రిల్లు కుడితే సూది వంగి పుటుక్కున విరుగుతుంది. దారం పాలిస్టర్‌ది కావాలి, కాటన్ దారం చెమటకు చివికిపోతుంది. కుట్టు కాస్త పెద్దదిగా, అంగుళానికి 8 పడేలా పెట్టాలి. మరీ చిన్న కుట్లు వేస్తే గుడ్డ మీద చిల్లులు వరసగా పడి, బరువుకు ఆ గీత వెంబడే చిరుగుతుంది.

ఇసుక

ఏటి ఇసుకే వాడండి. రోబో శాండ్ వద్దు. అది రాయిని పగలగొట్టి చేసింది, దాని గింజల అంచులు కోసుగా ఉంటాయి. అడుగు పడ్డప్పుడల్లా గుడ్డను లోపలి నుంచి రాపాడి చిల్లులు పెడతాయి. ఏటి ఇసుక గింజ నీళ్లలో దొర్లి దొర్లి నున్నబడి ఉంటుంది.

ఇసుకను ముందు రవ్వ జల్లెడతో జల్లించి గులకరాళ్లు తీసేయండి. తర్వాత బకెట్టులో పోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కలిపి కలిపి వంచండి. ఒండ్రు పూర్తిగా పోవాలి. లేకపోతే ఆ పొడి గుడ్డలోంచి బయటికి రాలి, చెమటతో కలిసి బురద మరకలు చేస్తుంది. కడిగిన ఇసుకను డాబా మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. ఆ తర్వాత ఇనప బాణలిలో కొంచెం కొంచెంగా వేయించండి. ఆవిరి రావడం ఆగాక దించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడే కవర్లో పోసి మూస్తే లోపల ఆవిరి పట్టి మళ్లీ చెమ్మ చేరుతుంది, వానాకాలానికి ముక్క వాసన వస్తుంది. తడి ఇసుకతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇవాళ 250 గ్రాములు తూగిన సంచి ఆరాక తక్కువ తూగుతుంది, మీ లెక్కలన్నీ తప్పుతాయి.

సీసం గుళ్లు వాడితే చిన్న సంచిలో ఎక్కువ బరువు పడుతుందని కొందరికి అనిపిస్తుంది. సీసం విషం. రాపిడికి పొడి రాలుతుంది, ఆ పొడి చేతులకు అంటి నోట్లోకి పోతుంది. ఇంట్లో వద్దు.

సంచులు

ఒక్కో సంచి కుట్టాక 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ఉండాలి. అందులో 250 గ్రాములు. పొడి ఇసుక లీటరుకు దాదాపు 1.6 కిలోలు తూగుతుంది కాబట్టి 250 గ్రాములంటే 160 మిల్లీలీటర్లు, పెద్ద టీ గ్లాసుడు. ఈ కొలతకు సంచి సగానికి పైన నిండి, ఒంటి వంపుకు సర్దుకునేంత పలచగా ఉంటుంది. ఆశకు పోయి 400 గ్రాములు కుక్కితే సంచి బంతిలా ఉబ్బి పక్కటెముకల్లో పొడుచుకుంటుంది. మరీ తక్కువ పోస్తే ఇసుకంతా అడుక్కు జారి కింద ముద్ద కడుతుంది.

ఇసుకను ముందు దళసరి పాలిథిన్ కవర్లో పోసి, గాలి తీసేసి, మూతి మడిచి టేపు వేయండి. ఆ కవరును గుడ్డ సంచిలో పెట్టి మూతి రెండు వరసలు కుట్టండి. ఒట్టి కవరయితే గెంతినప్పుడు పగులుతుంది, ఒట్టి గుడ్డయితే చెమట పీలుస్తుంది. మిషను మీద మూతి కుట్టేటప్పుడు సూది లోపలి కవరుకు తగలకుండా ఇసుకను ఒక మూలకు నెట్టి పట్టుకోండి. 12 సంచులు చేస్తే 3 కిలోలు. తూకం కచ్చితంగా ఉండాలి, సంచికీ సంచికీ 5 గ్రాములకు మించి తేడా రాకూడదు. ఇవే తర్వాత రబ్బరును తూచడానికి తూకపు రాళ్లుగా పనికొస్తాయి.

వెస్టు కోత, కుట్టు

మెడ పక్క భుజం నుంచి బొడ్డు దాకా టేపుతో కొలిచి, అందులో ఒక అంగుళం తగ్గించండి. అదే వెస్టు పొడవు. సగటు ఎత్తు మగవాళ్లకు 17, 18 అంగుళాలు వస్తుంది. అంతకన్నా దిగితే వంగినప్పుడు కింది వరస తొడలకు, పొట్టకు కొట్టుకుంటుంది. వెడల్పు 14½ అంగుళాలు, రెండు పక్కలా అర అంగుళం కుట్టుకు పోగా 13½ మిగులుతుంది. ఈ కొలతకు డ్రిల్లులో ముందు భాగం ఒకటి, వెనక భాగం ఒకటి, నెట్‌లో అలాగే రెండు కత్తిరించండి. మెడ వెడల్పు 6½ అంగుళాలు, ముందు లోతు 4, వెనక లోతు 1½. ఒక్కో వైపు భుజం మీద 3½ అంగుళాల గుడ్డ మిగులుతుంది. ఇంతకన్నా సన్నం చేయొద్దు. పట్టీ సన్నబడే కొద్దీ అదే బరువు తక్కువ చోట నొక్కుతుంది.

ఇప్పుడు జేబులు. భుజాలు కలిపే ముందే జేబులు కుట్టేయాలి. భుజాలు కలిపాక ఆ గుడ్డంతా మిషను కింద తిప్పడం కుదరదు. ఒక్కో భాగానికి రెండు వరసలు, వరసకు మూడు జేబులు. పై వరస భుజం నుంచి 5 అంగుళాల కింద మొదలవుతుంది, దాని కింద అర అంగుళం వదిలి రెండో వరస.

జేబు గుడ్డ కోతలోనే చాలామందికి తప్పు జరుగుతుంది. అడుగు గుడ్డ వెడల్పు 13½ కదా అని జేబు గుడ్డ కూడా 13½ తీసుకుంటారు. ఖాళీ జేబు అందంగానే కనిపిస్తుంది, ఉబ్బెత్తుగా ఉన్న సంచి మాత్రం అందులో దూరదు. బలవంతంగా దూర్చితే అడుగు గుడ్డ ముడుచుకుని వెస్టు మొత్తం గొట్టంలా వంకర తిరుగుతుంది. జేబు పట్టీని 17 అంగుళాల పొడవు, 6½ అంగుళాల ఎత్తు కోయండి. పై అంచు ముప్పావు అంగుళం మడిచి కుట్టండి. అడుగు గుడ్డ మీద ప్రతి 4½ అంగుళాలకు నిలువు గీత గీయండి. జేబు పట్టీని ప్రతి 5⅓ అంగుళాలకు ఆ గీతల మీదికి తెచ్చి రెండు వరసలు కుట్టండి. మిగిలే వదులును అడుగున ప్రతి జేబుకూ రెండు మూలల్లో చిన్న కుచ్చిళ్లుగా మడిచి కుట్టేయండి. జేబు నోటి దగ్గర, నిలువు కుట్టు పై కొసన, ముక్కోణం కుట్టు వేయండి. గెంతినప్పుడు లాగుడంతా ఆ బిందువు మీదే పడుతుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది.

ప్రతి వరసకు 2½ అంగుళాల పొడవాటి మూత ఒకటి వేసి, వెల్‌క్రో పెట్టండి. ముళ్ల వైపు మూత లోపలికి ఉండాలి. అటు ఇటైతే తెరిచినప్పుడల్లా చేతులకు, బట్టలకు పట్టుకుంటుంది.

భుజం కుట్టు ఒక్కదాని మీదే బరువంతా వేలాడకూడదు. ముందు పై వరస జేబు అంచు నుంచి భుజం మీదుగా వెనక పై వరస జేబు అంచు దాకా ఒకే ముక్క నైలాన్ పట్టీ నడిపించి, రెండు అంచులా కుట్టండి. ఇలాంటివి రెండు, భుజానికొకటి. బరువు ఈ పట్టీ మీద పడుతుంది, గుడ్డ మీద పడదు. పట్టీ కింద, ఒంటి వైపు, 3½ అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు ఫోమ్ ముక్కను గుడ్డలో చుట్టి కుట్టండి. ఆ తర్వాతే నెట్‌ను లోపలి వైపు వేసి, చుట్టూ పట్టీ కొట్టేయండి.

పక్కలకు ఒక్కో వైపు రెండు బెల్టులు. ఒకటి పై వరస మధ్య ఎత్తున, ఒకటి కింది వరస మధ్య ఎత్తున. వెనక భాగానికి మొదట 3 అంగుళాల ఎలాస్టిక్ కుట్టి, దాని కొసన నైలాన్ పట్టీ కుట్టండి. బకిలు ముందు భాగం వైపు ఉంటే వేసుకోవడం తేలిక. ఎలాస్టిక్ లేకుండా ఒట్టి నైలాన్‌తో బిగిస్తే గుండెలనిండా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ విప్పారడానికి చోటుండదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం బరువు వల్ల వస్తోందనుకుంటారు, కానీ చాలాసార్లు కారణం ఈ బిగింపే.

ఆడవాళ్లకు ముందు పై వరస ఛాతీ మీద నొక్కుతుంది. ఆ వరసను ముందూ వెనకా రెండు వైపులా వదిలేసి, కింది వరసల్లోనే మూడేసి సంచులు పెట్టుకోండి. లేదా ముందు భాగాన్ని మధ్యలో కోసి రెండు పలకలుగా కుట్టి, జేబులను పక్కటెముకల వైపుకు జరపండి. రెండో పద్ధతిలో పని ఎక్కువ, కానీ వెస్టు ఒంటి మీద చాలా బాగా కూర్చుంటుంది.

సరిగ్గా కూర్చుందా లేదా

సంచులన్నీ పెట్టి, బెల్టులు బిగించి, నిండా ఊపిరి తీసుకోండి. అప్పుడు కూడా బెల్టు కింద రెండు వేళ్లు దూరాలి. ఉన్నచోటే పదిసార్లు గెంతండి. దబ్‌దబ్‌మని చప్పుడు వస్తే కింది బెల్టు వదులుగా ఉన్నట్టు. చేతులు రెండూ పైకెత్తండి, మెడ అంచు గొంతుకు తగిలితే మెడ లోతు చాలలేదు. వంగి కాలి బొటనవేలు ముట్టుకోండి, సంచులు జేబుల్లోంచి తలలు బయట పెడితే వెల్‌క్రో పట్టు చాలదు.

ముందు, వెనక బరువు సమానంగా ఉండాలి. వెనక ఒక సంచి ఎక్కువైనా మనిషి తనకు తెలియకుండానే ముందుకు వంగి నడుస్తాడు, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. వేళ్లలో తిమ్మిరి వస్తే భుజం పట్టీ మెడకు, భుజానికి మధ్య నరాల దారిలో నొక్కుతున్నట్టు. వెంటనే విప్పి, పట్టీని జరిపి కుట్టాలి. అది అలవాటైపోతుందిలే అని వదిలేయకండి.

మూడు కిలోలు చాలనప్పుడు ఇసుక సంచులను ఉబ్బించొద్దు, ఇనుముకు మారండి. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఎంఎస్ ఫ్లాట్ (మైల్డ్ స్టీల్ పట్టీ) ఆటోనగర్‌లో ఇనుము అమ్మే ఏ కొట్లోనైనా ఉంటుంది. మీటరు 2.35 కిలోలు తూగుతుంది. 100 మిల్లీమీటర్ల ముక్కలుగా కోయిస్తే ఒక్కో ముక్క 235 గ్రాములు. పక్కపక్కన రెండు పెడితే ఒక జేబుకు 470 గ్రాములు, దాదాపు రెండు ఇసుక సంచుల బరువు. మూలలు గ్రైండరుతో గుండ్రంగా అరగదీయించి, తుప్పు పట్టకుండా రంగు వేసి, పాత ట్యూబు ముక్కలో చుట్టి గుడ్డ సంచిలో కుట్టండి. రెండు ముక్కల మధ్య రబ్బరు లేకపోతే అడుగడుక్కీ టక్‌టక్‌మంటాయి. ఇనుముతో పడిపోతే దెబ్బ గట్టిగా తగులుతుంది, కాబట్టి వెన్నెముక మీదికి వచ్చే మధ్య జేబుల్లో ఇసుకే ఉంచండి.

ఎంత బరువు, ఎన్నాళ్లకు

60 కిలోల మనిషికి మొదటి రెండు వారాలు 6 సంచులు, అంటే కిలోన్నర చాలు. వారానికి మూడు రోజులు, పూటకు 15 నిమిషాల నడక. ఆ తర్వాత వారానికి రెండేసి సంచులు, ముందొకటి వెనకొకటి, పెంచుకుంటూ 12కు రావాలి. అది ఒంటి బరువులో 20వ వంతు. అక్కడ కనీసం రెండు వారాలు ఆగండి. నడకకు, మెట్లకు ఒంటి బరువులో పదో వంతు దాటడం వల్ల వచ్చే లాభం తక్కువ, కీళ్లకు వచ్చే నష్టం ఎక్కువ. అడుగు చప్పుడు మామూలు కన్నా పెద్దదైనా, అంగలు పొట్టిగా పడుతున్నా, భుజాలు ముందుకు వాలిపోతున్నా బరువు ఎక్కువైనట్టే. రెండు సంచులు తీసేయండి.

నడకకు ప్రకాశం బ్యారేజీ మంచి కొలత. విజయవాడ దరి నుంచి సీతానగరం దరికి దాదాపు 1.2 కిలోమీటర్లు, నేల సమంగా ఉంటుంది. పోయి రావడం 2.4. ట్రాఫిక్ మొదలవకముందే ముగించుకోవాలి.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (దేహదారుఢ్య పరీక్షలకు) తయారయ్యే కుర్రాళ్లు స్టేడియంలో వెస్టు వేసుకుని 1600 మీటర్లు టైము పెట్టి పరిగెత్తడం మంచిది కాదు. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి వచ్చే ఎదురు దెబ్బ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఒంటి మీద కట్టిన 3 కిలోలు మోకాలి దగ్గరికి వచ్చేసరికి 6 నుంచి 9 కిలోలుగా పడతాయి, అదీ వేల అడుగులు. పైగా బరువుతో అంగ పొట్టిదై, ఆ పొట్టి అంగే అలవాటవుతుంది. వెస్టును మెట్లకు, బస్కీలకు, దండీలకు, చురుకు నడకకు వాడండి. పరుగు ఒట్టి ఒంటితోనే పరిగెత్తండి. కాలి చీలమండలకు ఇసుక పట్టీలు కట్టుకుని పరిగెత్తడం ఇంకా చెడ్డది. పాదం దగ్గర పెరిగే ప్రతి 100 గ్రాములకు పరుగుకు ఖర్చయ్యే శక్తి దాదాపు 1 శాతం పెరుగుతుంది, నడుము దగ్గర అదే 100 గ్రాములు తెలియనే తెలియవు. కాలు ఊగే ఊపుకు ఆ పట్టీ మోకాలిని లాగేస్తుంది.

రైల్వే గ్రూప్ డి పరీక్షలో మగవాళ్లు 35 కిలోలు, ఆడవాళ్లు 20 కిలోలు కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. దానికి వెస్టు బరువు పెంచుకుంటూ పోవడం దారి కాదు. అది మూట ఎత్తే పని, మూటతోనే సాధన చేయాలి.

ఎండ సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన దగ్గర వెస్టు తెల్లవారుజామునే వాడాలి, ఆరున్నర దాటాక వద్దు. చెమట ఆరడానికి అన్నిటికన్నా ఎక్కువ చోటు ఛాతీ, వీపు. వెస్టు ఆ రెండింటినీ కప్పేస్తుంది. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మిగతా ఒంటి చెమటా త్వరగా ఆరదు. ఆ మూడు నెలలు సమయాన్ని సగానికి తగ్గించండి. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, చెమట ఉన్నట్టుండి ఆగినా వెంటనే వెస్టు విప్పి నీడకు చేరి, ఒళ్లు తడుపుకోండి. బకిళ్లు ఒక్క నొక్కుకు ఊడేవి కావాలనేది ఇందుకే.

రబ్బరు ప్యాంటు

1970ల నుంచి సోవియట్ వ్యోమగాములు పెంగ్విన్ అనే సాగే పట్టీల సూటు వేసుకునేవారు. బరువు తెలియని చోట కండలు కరిగిపోకుండా, నిలబడ్డా కదిలినా రబ్బరును ఎదిరించాల్సి వచ్చేలా దాన్ని కుట్టారు. అందులో నడుము బెల్టు కీలకం. పై భాగం పట్టీలు, కింది భాగం పట్టీలు రెండూ అక్కడే ఆగుతాయి, వేటికవి బిగించుకోవచ్చు. ఆ సూటును మార్చి సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపంతో కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లల చికిత్సకు కూడా తెచ్చారు, కానీ అది ఫిజియోథెరపిస్టు చేతి మీద జరగాల్సిన పని. మనం ఇక్కడ తీసుకునేది నడుము బెల్టు కిటుకు ఒక్కటే.

మందపాటి ట్రాక్ ప్యాంటు తీసుకోండి. నడుము చుట్టూ 6 లూపులు కుట్టి, 2 అంగుళాల నైలాన్ బెల్టు దూర్చండి. బెల్టు తుంటి ఎముక పైన కూర్చోవాలి. రబ్బరు కిందికి లాగినా కింద ఎముక వెడల్పుగా ఉంటుంది కాబట్టి అక్కడే ఆగుతుంది. పొట్ట మీదికి కట్టుకుంటే జారుతుంది. బెల్టు వెనక భాగంలో వెన్నెముకకు అటు 3, ఇటు 3 అంగుళాల దూరంలో రెండు ఇనప డీ రింగులు (D ఆకారంలో ఉండేవి) కుట్టండి.

మోకాలి వెనక మడతకు 2 అంగుళాల పైన తొడ చుట్టూ 3 అంగుళాల వెడల్పు డ్రిల్లు పట్టీ, వెల్‌క్రోతో బిగించేలా ఉండాలి. దాన్ని ప్యాంటుకు వెనక వైపు 3 అంగుళాల మేర మాత్రమే కుట్టండి. చుట్టూ కుడితే బిగించడానికి వీలుండదు. వెనక మధ్యలో ఒక డీ రింగు. తొడ పైకి పోయే కొద్దీ లావు కాబట్టి రబ్బరు పైకి లాగినా పట్టీ బిగుస్తుందే తప్ప జారదు.

రబ్బరుకు సర్జికల్ షాపుల్లో దొరికే లేటెక్స్ ట్యూబు మేలు. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట ఆసుపత్రుల చుట్టూ ఈ షాపులున్నాయి. వేలి లావుది కావాలి. సైకిలు ట్యూబును చీల్చి వాడితే ఖర్చు ఉండదు, కానీ కత్తెర గాటు పడ్డ ప్రతిచోటా చిరుగు పాకుతుంది. లేటెక్స్ పడనివాళ్లు వాడొద్దు, ఒళ్లు దురద పెడితే అది పడనట్టే.

నిటారుగా నిలబడి బెల్టు రింగు నుంచి తొడ రింగు దాకా కొలవండి. 16 అంగుళాలు వచ్చిందనుకుందాం. తొడను నడుము ఎత్తుకు లేపి, పిరుదు మీదుగా మళ్లీ కొలవండి. ఐదారు అంగుళాలు పెరిగి 22 దాకా వస్తుంది. ట్యూబు నిలబడ్డప్పుడు వదులుగా వేలాడకుండా, లాగకుండా ఉండాలి, అంటే కట్టాక రింగు నుంచి రింగుకు 16. ముడికి రెండు కొసలా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉంచి కోయండి. కొసను రింగులోంచి దూర్చి మడిచి, పంగలకర్రకు కట్టినట్టే రబ్బరు పేలికను సాగదీస్తూ పది చుట్లు చుట్టి, చివర చుట్ల కిందికి దూర్చి బిగించండి. దారంతో కడితే సాగినప్పుడల్లా దారం రబ్బరును కోస్తుంది.

ఇప్పుడు దాని బలం తూచాలి. ట్యూబును మేకుకు వేలాడదీసి, కింది రింగుకు గుడ్డ సంచి కట్టి, అందులో ఇసుక సంచులు ఒక్కొక్కటే వేస్తూ పొడవు రాసుకోండి. 22 అంగుళాలకు చేరేసరికి నాలుగు సంచులు పట్టిందంటే తొడ ఎత్తిన చోట రబ్బరు కిలో బరువుతో లాగుతోందన్నమాట. మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. ఇంకా బలం కావాలంటే ట్యూబును పొట్టి చేయొద్దు, పక్కన రెండోది కట్టండి. పొట్టి చేస్తే అదే కదలికకు అది ఎక్కువ సాగి త్వరగా తెగుతుంది. ఏ కదలికలోనూ ట్యూబు అసలు పొడవుకు రెట్టింపు దాటకూడదు. రెండు కాళ్ల ట్యూబులూ ఒకే బరువుకు ఒకే పొడవు సాగాలి. అర అంగుళం తేడా ఉన్నా నడక వంకర పోతుంది.

ప్రతి ట్యూబుకూ పలచటి గుడ్డ తొడుగు వేయండి. 16 అంగుళాల ట్యూబుకు 26 అంగుళాల తొడుగు, రెండు కొసలూ రింగులకే కుట్టాలి. మామూలుగా ముడతలు పడి ఉంటుంది. 26 దగ్గర గుడ్డ బిగుసుకుని రబ్బరును ఇంకా సాగనివ్వదు. ట్యూబు తెగినా ముక్క తొడుగులోనే ఉంటుంది, ఎవరి కంటికీ తగలదు. ఈ తొడుగు లేకుండా ప్యాంటు వేసుకోవద్దు.

వాడకం: ఉన్నచోటే తొడలు ఎత్తడం కాలికి 15 చొప్పున రెండు విడతలు, ఆ తర్వాత తొడలు ఎత్తుతూ 20 మీటర్ల నడక నాలుగుసార్లు. వెంటనే ఆ ప్యాంటు విప్పి, రబ్బరు లేని ఒట్టి కాళ్లతో అదే కదలిక రెండుసార్లు చేయండి. వారానికి రెండు రోజులు చాలు. రబ్బరు ఉండగా దిగుడు మెట్లు దిగొద్దు, కాలు అనుకున్న చోట పడదు.

ఉతుకు, నిల్వ

వెస్టులోంచి సంచులు తీసేసి రెండు మూడు వాడకాలకోసారి ఉతకండి, వెల్‌క్రో మూసి ఉతికితే దానికి పీచు పట్టదు. సంచులను ఉతకొద్దు, తడి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. వానకు తడిసిన సంచి బరువు పెరిగితే విప్పి, ఇసుకను మళ్లీ వేయించాల్సిందే.

లేటెక్స్‌కు నూనె పడదు. కాళ్లకు కొబ్బరినూనె రాసుకున్న రోజు రబ్బరు ప్యాంటు వేసుకోవద్దు, నూనె తగిలిన చోట ట్యూబు మెత్తబడి జిగురు తేలుతుంది. ఎండలో ఆరేయొద్దు. చెమటను తడి గుడ్డతో తుడిచి, ఆరాక పౌడరు అద్ది, చుట్టలు బిగించకుండా డబ్బాలో పెట్టండి. వారానికోసారి తొడుగు వెనక్కి లాగి, ట్యూబును కొంచెం సాగదీసి వెలుతురులో చూడండి. సన్నటి అడ్డగీతలు కనిపించినా, ముడి దగ్గర రంగు తెల్లబారినా తీసేయాలి. ఒకటి పాడైనా రెండూ మార్చండి. పాతది సాగి సాగి మెత్తబడి ఉంటుంది, కొత్తది దానికన్నా గట్టిగా లాగుతుంది. కొత్త జతను కట్టే ముందు మళ్లీ మేకుకు వేలాడదీసి సంచులతో తూచుకోవాలి.